తుపాను సూచనయు సత్యభాషణమును

తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట అసత్యమని యెల్లరు నొప్పుకొందురు. కాని, తెలిసినదానిలో సందేహమున్నపుడు ఆ సందేహమును దాచుటయు నసత్యమే యగునా? ఈ ప్రశ్న వేదాంతులకు మాత్రమే సంబంధించినది కాదు. గుంటూరు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలోని వ్యవసాయకుటుంబములకు ఏటేట నిది యెదురగుచున్నది.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున తుపానులు పుట్టుకాలము. ఆ దినములలోనే మన నల్లరేగడి నేలలలో ప్రత్తికాయ పగులును. మిరప పూతకును కాపునకును వచ్చును. తీరప్రాంతమున వరి కోతకు సిద్ధమగును. వాయుగుండ మేర్పడినదని విన్న రైతు ఏమి చేయవలెను? కోసినచో పనలు నీట నాని మొలకెత్తవచ్చును; కోయకున్నచో పైరు నేల కొరగవచ్చును. తడిసిన ప్రత్తి రంగు చెడి ధర పడిపోవును. ఊరంతయు నొక్కసారిగా తీయింపబూనినచో కూలీలు దొరకరు.

అట్టి తరుణమున శాస్త్రజ్ఞులు కంప్యూటరుల నాశ్రయింతురు. వాయుపీడనము, గాలి, తేమ, సముద్రజలముల వేడిమి మొదలగువానిని లెక్కలలో నిమిడ్చి రాబోవు స్థితిని గణించు పద్ధతులకు నమూనాలని పేరు. ఐరోపావారిదొకటి, అమెరికావారిదొకటి, మనవారివి కొన్ని. ఒకటి తుపాను నెల్లూరు వైపు పోవునన్నచో వేరొకటి మచిలీపట్నము వైపనవచ్చును. ఇది కేవలము యంత్రదోషము కాదు. ఆరంభమున నున్న అతిస్వల్పభేదమే దినములు గడచినకొలది మహాభేదము కాగలదని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపెను. కావుననే 1992 మొదలు ఐరోపా, అమెరికా కేంద్రములు ఒక్క గణనముతో తృప్తి నొందక, ఆరంభస్థితిని కొంచెము కొంచెము మార్చి పెక్కు గణనములు చేయుచున్నవి. అవి యొకే త్రోవ చూపిన విశ్వాసము హెచ్చును; చెదరిన తగ్గును. భారత వాతావరణ శాఖయు 2009 నుండి తుపాను త్రోవను ముందునకు పోయినకొలది విశాలమగు శంకువుగా చూపుచున్నది. అది తన సందేహమును తానే కొలిచి చెప్పుట.

సందేహము వినిన ప్రజలు అశ్రద్ధ చేయుదురని కొందరందురు. 2013 నవంబరులో లెహర్ తుపాను అతితీవ్రమై వచ్చుచున్నదని తీరవాసులను తరలించిరి. అది సముద్రముననే క్షీణించి, 28వ తేదీన మచిలీపట్నము చెంత వాయుగుండముగా మాత్రమే తీరము దాటెను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను తీవ్రతతోనే బాపట్ల చెంత తీరము దాటి వరి, మిరప, పొగాకు పైరులను పాడుచేసెను. మొదటి హెచ్చరికను అబద్ధమని నిందించినవాడు రెండవదానిని నమ్మునా? మొదటనే సందేహము చెప్పియున్నచో నిందకు తావుండదు, నమ్మకమును చెడదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో దివిసీమ మొదలగు చోట్ల సుమారు 10,000 మంది మడిసిరి. ఒక దినపు వ్యర్థప్రయాసను ఒక ప్రాణముతో నే త్రాసున తూచగలము?

ఐనను నిచ్చట మరియొక న్యాయవిచారము కలదు. తప్పిన హెచ్చరికకు మూల్యము చెల్లించువారెవరు? సూచన చేసినవారు కారు, మనవంటి చదువరులును కారు. పని నిలిచిన నాటి కూలి పోగొట్టుకొను స్త్రీయు, అప్పుతో సేద్యము చేయు కౌలురైతును ఆ భారము మోయుదురు. నిజమైన హెచ్చరికను లక్ష్యపెట్టక, నాలుగు బస్తాల ప్రత్తికై కూలీలను గాలివానలో చేలకు పంపినచో ప్రాణభయమును వారిదే. జాగ్రత్త యందరి క్షేమమునకైనపుడు దాని ఖర్చు పేదలకు మాత్రమే విడుచుట ధర్మమా?

కావున శాస్త్రజ్ఞుని ధర్మము సందేహమును దాచక చెప్పుట. భూవసతి గల గృహస్థుని ధర్మము ఆ సూచనను సందేహముతో గూడ కూలీలకు చదివి వినిపించుట. హెచ్చరికనాడు వారిని చేలకు పంపకుండుట. తుపాను తప్పిపోయినను ఆనాటి కూలి నిచ్చుట. ఆకాశమున ఏమి జరుగునో నిశ్చయముగ నెరుగజాలము. ఆ యజ్ఞానపు భారమును ఎవరిపై మోపుచున్నామో మాత్రము ఎరుగగలము.