సెలవులకు వచ్చిన కొడుకు

‘హైదరాబాద్ బ్లూస్’ 1998లో వచ్చింది. కథ, దర్శకత్వం, పెట్టుబడి, కథానాయక పాత్ర, అన్నీ నగేశ్ కుకునూర్‌వే. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, కెమికల్ ఇంజనీరింగ్ చదివి, పైచదువుకు అట్లాంటాలోని జార్జియా టెక్‌కు వెళ్లినవాడు ఆయన. అక్కడ పర్యావరణ కన్సల్టెంట్‌గా ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బు సినిమాకు పెట్టాడు. ఖర్చు 17 లక్షల రూపాయలు, షూటింగ్ 17 రోజులు. పేరున్న తారలు లేరు. మాటలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, మధ్యమధ్య హైదరాబాదీ హిందీలో, తెలుగులో నడుస్తాయి. అమెరికా తెలుగు ఇళ్లలో నేటికీ వినిపించే భాష అదే.

కథ చిన్నది. వరుణ్ నాయుడు 12 ఏళ్ల తర్వాత సెలవు పెట్టి అమెరికా నుంచి హైదరాబాద్ వస్తాడు. స్నేహితులు దాదాపు అందరూ స్థిరపడిపోయారు. అమ్మానాన్నలకు కొడుకు ఒంటరిగా ఉండటమే దిగులు. వచ్చిన కొడుకు మళ్లీ విమానం ఎక్కేలోపు సంబంధం చూడాలన్న ఆత్రం వాళ్లది. పెద్దలు కుదిర్చే పెళ్లి అంటేనే అతనికి గిట్టదు. ఈలోగా డాక్టర్ అశ్విని పరిచయమవుతుంది. ఆ పాత్ర వేసింది రాజశ్రీ నాయర్. అమెరికా నుంచి వచ్చాడన్న ఒక్క కారణానికి మెత్తబడే అమ్మాయి కాదామె. అతని వెనకటి జీవితం గురించీ, అతను అలవాటుగా మాట్లాడే మాటల గురించీ ఆమెకు అభ్యంతరాలున్నాయి, వాటిని దాచుకోదు. వాళ్లిద్దరి వాదనలే సినిమాకు బలం.

కథ సెలవుల్లో జరగడం ఇందులో కీలకం. కొడుక్కి సెలవంటే విశ్రాంతి, తల్లిదండ్రులకు గడువు. హాస్యమంతా ఈ తేడాలోంచి పుట్టిందే. సినిమా ఎక్కడా చెప్పకపోయినా తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన చిక్కు ఇంకొకటుంది. ఆఫీసు ఇచ్చే సెలవుకూ పంచాంగానికీ పొత్తు కుదరదు. క్రిస్మస్ సెలవులు పూర్తిగా ధనుర్మాసంలో పడతాయి, ఆ నెలలో పెళ్లి ముహూర్తాలు పెట్టుకోరు. వేసవి సెలవుల్లో పెద్ద భాగాన్ని ఆషాఢం తీసుకుపోతుంది. అందుకే డిసెంబర్‌లో ఒక ప్రయాణం పెళ్లిచూపులకు, మరో ప్రయాణం పెళ్లికి. ఈ రెండింటి మధ్య అబ్బాయీ అమ్మాయీ ఒకరినొకరు ఫోన్‌లో తెలుసుకోవాలి. పిల్లలతో వెళ్లినవాళ్లకు సంక్రాంతి అసలు అందదు. జనవరి మొదటి వారానికల్లా అమెరికాలో బడులు తెరుస్తారు, భోగిమంటకు పది రోజుల ముందే పిల్లలు వెనక్కి వచ్చేస్తారు. నెలగంట పెట్టిన తర్వాత వాకిళ్లలో వేసే ముగ్గులు చూస్తారు, గొబ్బెమ్మలు చూస్తారు. ఆ ముగ్గులన్నీ ఏ పండుగ కోసం వేస్తున్నారో ఆ పండుగను మాత్రం చూడరు.

ఈ సినిమా వచ్చిన రోజుల్లో అమెరికాలో కొత్తగా కాపురాలు పెట్టినవాళ్లు దీన్ని వరుణ్ వైపు నిలబడి చూశారు. అతని చిరాకు తమది, అతని స్వేచ్ఛ తమది. ఇప్పుడు వాళ్లకు యాభై దాటింది. పిల్లలు పెళ్లీడుకు వచ్చారు. నాడు నవ్వించిన తల్లి పాత్రలోకి ఇవాళ వాళ్లే వచ్చి కూర్చున్నారు. కొడుకు పక్కగదిలో ఎవరితో మాట్లాడుతున్నాడో అడగాలా, మానాలా అని రాత్రిళ్లు ఆలోచిస్తున్నారు.

సినిమా విడిచిపెట్టిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. వరుణ్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. స్నేహితుల మధ్య కూర్చుంటే ఏ భాషలో తిట్టాలో, ఏ మాటకు నవ్వాలో అతనికి తెలుసు. వీధులు, చిన్ననాటి పేర్లు, ఇంటి తిండి, అన్నీ లోపల ఉన్నాయి. అంత నిల్వ ఉన్నవాడు 12 ఏళ్ల ఎడబాటుకే సొంత ఇంట్లో పరాయివాడైతే, ఆ నిల్వే లేకుండా న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పుట్టిన పిల్లల మాటేమిటి? వాళ్లకు తిరిగి రావడం ఉండదు, వెళ్లి చూసి రావడమే ఉంటుంది.

గుంటూరు జిల్లా తుళ్లూరు ప్రయాణం దీనికి మంచి ఉదాహరణ. గన్నవరం విమానాశ్రయంలో దిగి, ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట వెంట వెళితే ఊరు వస్తుంది. నాన్నమ్మ ఇంట్లో రెండు వారాలు. ఒక రోజు అమరావతిలో అమరేశ్వరుడి దర్శనం, ఒక రోజు విజయవాడలో బట్టలు, మిగతా రోజులు బంధువుల ఇళ్లలో కాఫీలు. గడప దాటిన ప్రతిచోటా ముందు అడిగేది “ఎప్పుడొచ్చారు?” అని, వెంటనే “ఎప్పుడెళ్తారు?” అని. అడిగేవాళ్లు ప్రేమగానే అడుగుతారు. తిరుగు ప్రయాణంలో ఒక పిల్ల తల్లిని అడిగింది: “అందరూ మనం ఎప్పుడెళ్తామని ఎందుకు అడుగుతున్నారు? అది మన ఊరే అన్నావు కదా?” ఇలాంటి ప్రశ్నకు చాలా ఇళ్లలో సమాధానం దొరకదు.

వెనుకటి తరానికి సమాధానంగా చూపించడానికి చేను ఉండేది. పిల్లవాణ్ని వెంటబెట్టుకుని గట్టు మీదకు తీసుకెళ్లి, ఇది మీ తాతది, అదిగో ఆ వేపచెట్టు దాకా మనదే అంటే సరిపోయేది. డిసెంబర్‌లో పత్తి తీతలు, తర్వాత మిరప కోతలు, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం భూసమీకరణ జరిగాక తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆ చేలు పోయాయి. ఎకరానికి 1000 గజాల ఇంటి స్థలం, మెట్టకైతే 250, నది ఒడ్డు సారవంతమైన జరీబుకైతే 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నది ఒప్పందం. తాత ఇప్పుడు మనవడికి చూపేది కాగితం మీద ప్లాటు నంబరు. రైతులు దేన్ని నమ్మి ఇచ్చారు, తర్వాత ఏమేం అనుభవించారు అన్నది వేరే పెద్ద కథ, దాన్ని ఇక్కడ చిన్నది చేయకూడదు. పిల్లల విషయంలో మాత్రం ఒకటి నిజం. ‘మన ఊరు’ అని చూపడానికి మట్టి లేనప్పుడు మనుషులూ భాషా మాత్రమే మిగులుతాయి. పత్తి, మిరప చూపించాలంటే తాడికొండ దాటి వెళ్లాలి.

ఇరువైపులా న్యాయం ఉంది. పిల్లల వైపు చూస్తే, పరిచయం లేని మనిషితో గంటసేపు కూర్చుని జీవితాన్ని తేల్చుకోమనడం వాళ్లు పెరిగిన తీరుకు నప్పదు. ప్రశ్నలడగడం వాళ్లకు మర్యాద తప్పడం కాదు, బడిలో నేర్చుకున్నదే. పెద్దల వైపు చూస్తే, వాళ్లు వెతికేది కులం, కట్నం, వీసా మాత్రమే కాదు. తమ తర్వాత పిల్లలకు తోడు ఎవరూ ఉండరేమోనన్న భయం ఆ వెతుకులాట వెనక ఉంది. 1977లో మొదలైన ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు రెండేళ్లకోసారి జూలై 4 సెలవుల చుట్టూ జరుగుతాయి. పెళ్లీడు పిల్లల పరిచయ సమావేశాలు కూడా వాటిలో ఉంటాయి. పెళ్లిచూపులే సముద్రం దాటి వచ్చాయి. పిల్లలు తమ భాషలో తమలాంటివాళ్లతో మాట్లాడుకునే చోటు దొరకడం మంచి మార్పు.

అయినా మొగ్గు పెద్దల వైపే చూపాలి. వరుణ్ నిజాయితీపరుడే, కానీ 12 ఏళ్లు ఇంటికి రాని కొడుకు ఇంటి పద్ధతులను తీర్పు చెప్పినట్టు విమర్శించే హక్కు ఎక్కడ సంపాదించాడో సినిమా అడగలేదు. తల్లి నోట ఆ ప్రశ్న పెట్టి ఉంటే కథకు మరింత లోతు వచ్చేది. అమెరికా తెలుగు ఇళ్లలో చేయగలిగింది కూడా ఉంది. రెండు వారాల కుటుంబ యాత్ర స్థానంలో పదేళ్లు దాటిన పిల్లల్ని వేసవిలో ఆరు వారాలు నాన్నమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో, అమ్మానాన్న లేకుండా ఉంచాలి. మొదటి వారం ఏడుస్తారు. రెండో వారం పక్కింటి పిల్లల పేర్లు తెలుస్తాయి. నాలుగో వారానికి ఎప్పుడెళ్తావని అడగడం ఊరే మానేస్తుంది, నాన్నమ్మ కూరగాయల బండి దగ్గరకు పంపడం మొదలుపెడుతుంది. దీనికి ముందు ఇంట్లో తెలుగు ఉండాలి. 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి తరగతులు తెలుగు రాయడం, చదవడం నేర్పుతాయి, కానీ అలగడానికీ వేళాకోళానికీ కావలసిన తెలుగు వంటింట్లోనే రావాలి.

‘హైదరాబాద్ బ్లూస్’ తర్వాత అదే దారిలో శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ 2000లో వచ్చింది, తొలి చిత్ర దర్శకుడికిచ్చే జాతీయ పురస్కారం పొందింది. అందులో చర్చ అమెరికా వెళ్లాలా, ఇక్కడే ఉండాలా అని. 2016 నాటి తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’లో విదేశీ చదువు కలగన్నది అమ్మాయి. కుకునూర్ తన కథకు 2004లో కొనసాగింపు తీశాడు. అందులో వరుణ్ అమెరికాలో లేడు, హైదరాబాద్‌లోనే కాల్ సెంటర్ నడుపుతుంటాడు. అశ్వినితో పెళ్లై ఆరేళ్లయింది. ఆమెకు బిడ్డ కావాలి, అతను ఇంకా సిద్ధంగా లేడు.