మౌనము అంగీకారమగునా?

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. శుభకార్యములందు ఈ మాట శోభించును. పరులకు కీడు కలుగు సందర్భమున దీనిని ప్రమాణముగా గొనవచ్చునా? పొగత్రాగుటను గూర్చి యోచించునపుడు ఈ ప్రశ్న తప్పక ఎదురగును.

"నా దేహము, నా యిష్టము" అని పొగత్రాగువారు పలుకుదురు. దేహము వారిదే కావచ్చును, గాలి అందరిది. వారు విడిచిన పొగయు, కాలుచున్న చుట్ట, బీడీ, సిగరెట్టు కొనలనుండి వెలువడు పొగయు చెంతనున్నవారి ఊపిరిలో చేరును. జపాను దేశమున హిరయామా అను శాస్త్రజ్ఞుడు పొగత్రాగని 91,540 మంది ఇల్లాండ్రను 14 సంవత్సరములు పరిశీలించి, పొగత్రాగు భర్తలు గలవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు అధికముగా నున్నవని 1981లో ప్రకటించెను. సిగరెట్టు ముట్టి యెరుగని ఆ స్త్రీలు పరుల అలవాటునకు ఫలమనుభవించిరి. నేడు ఇట్టి పొగవలన ఏటా పది లక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన దేశమున 1989 నాటి రైల్వే చట్టము, పెట్టెలోని తోడి ప్రయాణికుడు అభ్యంతరము తెలిపినచో అచట పొగత్రాగరాదని విధించినది. మంచి నియమమే. కాని తల్లి ఒడిలోని పసికందు ఎట్లు అభ్యంతరము తెలుపును? పొట్టకూటికై యజమానిని ఆశ్రయించిన పనివాడు ఎట్లు నోరు విప్పును? ఈ ధర్మసూక్ష్మమును దేశములు క్రమముగా గ్రహించినవి. మన సుప్రీంకోర్టు 2001లో ఆసుపత్రులు, విద్యాలయములు, రైళ్లు మున్నగు చోట్ల ధూమపానమును నిషేధింప నాదేశించినది. 2003లో పార్లమెంటు చట్టము చేసినది. ఐర్లండు దేశము 2004 మార్చి 29 నుండి, మద్యశాలలతో సహా, పైకప్పుగల పనిచోట్లలో దాదాపు అన్నిట పొగను నిషేధించినది; అచట పనిచేయువారి ఆరోగ్యమే ఆ శాసనమునకు ప్రాతిపదిక. 2008 అక్టోబరు 2, గాంధీజయంతినాడు, మన దేశమున అమలులోనికి వచ్చిన నియమములు కార్యాలయములకు, హోటళ్లకు కూడ వర్తించినవి. పెద్ద హోటళ్లు, విమానాశ్రయములలో ప్రత్యేకించిన తావులు మాత్రము మినహాయింపు. ఇట్టి చోట్ల బాధితుడు నోరు తెరచి వేడుకొన నవసరము లేదు. అడుగకయే రక్షించుట ధర్మలక్షణము.

అయినను చట్టము గడపకడ నిలిచిపోవును. హిరయామా పరిశీలించిన స్త్రీలకు పొగ సోకినది ముఖ్యముగా స్వగృహమునందే గదా! మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని చుట్ట కాల్చు తాతగారు క్రూరుడు కాడు. ఆ బిడ్డపై ఆయనకు గల ప్రేమ అపారము. తెలియక చేసిన కీడును లోకము క్షమించును. తెలిసిన పిమ్మట అదే పని చేయుటకు ప్రేమ సమాధానము కానేరదు. కిటికీ తెరచిన చాలునందురా? గాలి వచ్చునట్లు చేసినను, గదులు వేరుపరచినను, ఈ పొగ బాధ పూర్తిగా తొలగదని 2006లో అమెరికా ప్రభుత్వ వైద్యాధిపతి నివేదిక స్పష్టపరచినది.

అలవాటు బలీయము; మానుట కష్టము. మానుటకు యత్నించువారు సానుభూతికి పాత్రులు. కాని ఆ యత్నము ఫలించు వరకైనను ఇంటిలోపల నిప్పు అంటింపకుండుట ఎల్లరకు సాధ్యమే. ఇల్లాలు వలదనలేదని, బిడ్డ దగ్గియు ఊరకున్నాడని సమాధానపడరాదు. వారి మౌనములో అంగీకారము ఎంత, భయము ఎంత, ప్రేమ ఎంత అని గృహస్థుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.