చుందుడి వంట

తథాగతుడి చివరి భోజనం గురించి మనవాళ్లలో వాదన ఎప్పుడూ ఒకచోటే ఆగిపోతుంది: అది మాంసమా, కాదా? పావాలో కమ్మరి చుందుడు వడ్డించిన సూకరమద్దవం మెత్తని పంది మాంసమని ఒక వ్యాఖ్యానం. పందులు తొక్కిన చోట లేచిన అహిచ్ఛత్తకమని కొందరంటారని ఉదాన అట్ఠకథ చెబుతుంది. ఆ పాలీ మాటకు పాము గొడుగు అని అర్థం. మన పుట్టగొడుగే. తమాషా ఏమిటంటే ఊరపంది, పుట్టగొడుగు రెండూ మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఒకే శ్లోకంలో ఉన్నాయి. తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడట! మనువు చూసింది తిన్నవాడి కులాన్ని. తథాగతుడు ఏం చూశాడన్నదే నాకు ముఖ్యం.

వానలు పడితే ఢిల్లీ చుట్టూ ఆరావళి గుట్టల్లో, ఖాళీ జాగాల్లో పుట్టగొడుగులు లేస్తాయి. మన పల్లెల నుంచి నోయిడా, గురుగ్రామ్‌లకు కూలికొచ్చిన తల్లులకు అవి కనబడితే చెయ్యి ఆగదు. ఖారీ బావలీలో ఎండు గుచ్చి కిలో వేల రూపాయలకు కొంటే రుచి తెలిసిన మనిషి, బస్తీ తల్లి ఏరితే తెలివిలేనిది. నిజమే, ఊళ్లో నేర్చిన గుర్తులు ఇక్కడి నేల మీద మోసం చేయొచ్చు. వెండి చెంచా, వెల్లుల్లి పరీక్షలు దేనికీ పనికిరావు. అమానిటా జాతిలో కొన్నింటి విషం ఎంత ఉడికించినా పోదు. 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు. వాంతులు, విరేచనాలు మొదలై, ఒక పూట తగ్గినట్టు నమ్మించి, కాలేయాన్ని తినేస్తుంది.

అప్పుడు బస్తీలో మొదటి ప్రశ్న: "ఎవరు వండారు?" అత్తగారు అడుగుతుంది, పక్కింటివాళ్లు అడుగుతారు, పోలీసు అడుగుతాడు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కూడా నిర్లక్ష్యం ఎవరిదని అడుగుతుంది. భయపడిన తల్లి ఆసుపత్రిలో "పప్పూ అన్నమే పెట్టాను" అంటుంది. డాక్టరు మామూలు విరేచనాలకు మందిస్తాడు. విలువైన గంటలు అక్కడే పోతాయి.

మహాపరినిబ్బాణ సుత్తాన్ని ఈ కోణంలో చదవండి. జబ్బు ముదిరిన దారిలోనే తథాగతుడు ఆనందుణ్ణి పిలిచి, చుందుడి మీద ఎవరైనా నింద వేస్తారేమో, అతని మనసులోని పశ్చాత్తాపం తీసెయ్యమన్నాడు. బోధికి ముందు తిన్న అన్నం, పరినిబ్బాణానికి ముందు తిన్న ఈ అన్నం పుణ్యంలో సమానమని చెప్పమన్నాడు. దీన్ని జాలి అనుకుని వదిలేస్తాం. నింద పడదని తెలిసినవాడే నిజం చెప్పగలడు.

చేతనే కమ్మం గనుక వండినవారికి ఏ బాధ్యతా లేదనేవారితో మాత్రం నేను ఏకీభవించను. అదే సుత్తంలో, భోజనమవుతూనే, మిగిలిన సూకరమద్దవాన్ని గోతిలో పూడ్చెయ్యమని చుందుడికే చెప్పాడు. మరొకరికి వడ్డించనివ్వలేదు.

కాబట్టి బస్తీల్లో పనిచేసే ఉపాసకులారా, ఆ రాత్రి మీరు వెళితే "ఏం తిన్నారమ్మా, ఎన్ని గంటలకు, ఇంకెవరు తిన్నారు?" అని అడగండి. తిన్నవాళ్లందరినీ, బాగానే ఉన్నామన్నవాళ్లను కూడా, ఆసుపత్రికి తీసుకెళ్లండి. వండని పుట్టగొడుగు ఒకటి మిగిలితే కాగితంలో చుట్టి డాక్టరుకివ్వండి. కుండలోది మేకలు తవ్వలేనంత లోతున పూడ్చండి.