మిత్ర పురుగు, శత్రు పురుగు

తాడిమర్రి దగ్గర ఒక వంగ తోటలో పిల్లలకు ఆకు తిప్పి చూపిస్తున్నాం. ఆకు అడుగున పేనుబంక గుంపు. గుంపు మధ్యలో అక్షింతల పురుగు పిల్ల ఒకటి, నల్లగా, ఒళ్ళంతా ముళ్ళలాంటి నూగుతో, బుల్లి మొసలిలా ఉంది. ఐదో తరగతి పాప చూడగానే దాన్ని గోటితో నలిపేసింది. "అది మన మిత్ర పురుగమ్మా" అన్నాం. పాప వేలు లంగాకు తుడుచుకుని అడిగింది: "ఆ సంగతి దానికి తెలుసా సార్?"

ఆ రోజు నవ్వి ఊరుకున్నాం. దానికి తెలియదు. దానికి తెలిసింది ఆకలి. పేనుబంకకూ అంతే. మిత్రుడు, శత్రువు అనే పేర్లు మన వంకాయల బుట్ట దగ్గర పుట్టినవి. (బుట్టలంటే మా ఇళ్ళలో అల్లినవే ఉండేవి, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ క్రేట్లు.) ధర్మవరం మగ్గాలకు పట్టు కావాలి కాబట్టి మల్బరీ ఆకు కోసి ఒక పురుగును మేపుతాం. పక్క చేనులో ఆకు తినే పురుగుకు మందు కొడతాం. రెండూ ఆకు తిని బతికేవే.

పేర్లు పెట్టడం అంటే ఏమిటో మా ఎరుకల వాళ్ళకు తెలుసు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే మా తాతలను దొంగల పద్దులో రాసింది. అది దేశమంతటా రద్దయింది 1952లో. మనిషినీ పురుగునూ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. నల్లగా ముళ్ళతో ఉన్నదాన్ని ఏమిటో చూడకుండానే నలిపేయడం ఎంత తేలికో చెబుతున్నాం.

అలాగని పేర్లు మనవే కదా అని చేతులు కట్టుకుని కూర్చుంటే వంకాయ రాదు. మందు కొట్టినా చంపడమే, పురుగు చేత తినిపించినా చంపడమే, తేడా ఏముంది అని మా తోటి మాస్టారు ఒకరు వాదిస్తారు. చావులో తేడా లేదు, నిజమే. మిగిలేదానిలో ఉంది. మందు అక్షింతల పురుగునూ, అల్లిక రెక్కల పురుగునూ, సాలీడునూ కలిపి చంపుతుంది. ఆ తర్వాత ముందుగా తిరిగొచ్చేది పేనుబంకే. అది జత కట్టకుండానే పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్ల వారం పది రోజులకే తల్లి అవుతుంది. అక్షింతల పురుగుకు గుడ్డు నుంచి రెక్కల దాకా రెండు మూడు వారాలు పడుతుంది. ఇంకో సంగతి, అక్షింతల పురుగు పేనుబంకను తుడిచిపెట్టదు. తిండి పలచబడగానే వేరే చోటికి ఎగిరిపోతుంది. అందుకే రైతు సాధికార సంస్థ వాళ్ళు చేను చుట్టూ జొన్న, అలసంద, బంతి వేయమంటారు. అలసంద మీద పేనుబంక ముందే చేరుతుంది, దాని కోసం అక్షింతల పురుగూ వస్తుంది. మిత్రుడు కావాలంటే శత్రువుకు కొంత చోటు ఇవ్వాల్సిందే.

ఈ మిత్రుణ్ణి ఎక్కడి నుంచో తెచ్చి వదిలినప్పుడు రెండు రకాలుగానూ జరిగింది. 1888లో కాలిఫోర్నియా నారింజ తోటలను పిండినల్లి జాతి పురుగు ఎండబెడుతుంటే ఆస్ట్రేలియా నుంచి ఒక అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. రెండేళ్ళలోపే తోటలు తేరుకున్నాయి. అదే పని కోసం ఆసియా నుంచి యూరప్, అమెరికాలకు తీసుకెళ్ళిన ఇంకో అక్షింతల పురుగు మాత్రం అక్కడి సొంత అక్షింతల పురుగులనే తినడం మొదలుపెట్టింది. మన చేలల్లో ఉన్నవాటిని బతకనిస్తే చాలని మాకు అనిపిస్తుంది.

ఇదంతా చెప్పిన మేమే ఒక ఇంటికి నష్టం చేశాం. మా వాడలో ఒకాయన అరెకరా కౌలుకు తీసుకుని వంగ పెట్టాడు, మండీ అప్పుతో. పేనుబంక కనపడగానే మందు డబ్బా తెచ్చుకున్నాడు. వద్దన్నా, పది రోజులు ఓపిక పట్టు, పురుగులే వస్తాయి అన్నాం. మా మాట మీద ఆగాడు. అక్షింతల పురుగులు వచ్చాయి, కానీ పన్నెండో రోజుకు. అప్పటికి ఆకు ముడుచుకుపోయింది, బంక మీద మసిలా బూజు పట్టింది. రెండు కోతలు పోయాయి. మాకు ఒకటో తారీఖున జీతం పడింది.

ఆయన ఏమీ అనలేదు. ఆయన భార్య అంది: "సారూ, మీరు పురుగుకు పది దినాలు గడువిచ్చినారు. మండీ ఆయప్ప మాకు ఇయ్యలేదు."

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు పట్టుకుంది. చేను చుట్టూ అలసంద లేదన్న సంగతి కూడా చూడకుండా ఓపిక పట్టమన్నాం. ఓపిక మంచిదే, కానీ దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో లెక్క వేయలేదు. జీతం ఉన్నవాళ్ళు జీతం లేనివాళ్ళకు ప్రకృతి ధర్మం బోధించడం సులువు. మన బడుల్లో ఈ పాఠం చెప్పే టీచర్లంతా ముందు ఆ చేను ఎవరిదో, అప్పు ఎంతో అడగాలి.

ఈ ఏడు మళ్ళీ వాళ్ళ ఇంటికి వెళ్ళాం, ముగ్గురు టీచర్లం. చుట్టూ అలసంద విత్తనం మాది, నాలుగు సాళ్ళు మందు లేకుండా వదిలేయండి, వాటిలో పోయిన కాయకు మండీ ధర మేమిస్తాం, మిగతా చేను మీ ఇష్టం అన్నాం. ఆయన తల ఊపాడు. ఆమె మాత్రం చీటీ మీద రాసిమ్మంది. రాసిచ్చి సంతకాలు పెట్టాం.