విత్తనం ఎవరి చేతిలో?

హైబ్రిడ్ అంటే గుంటూరు, ప్రకాశం రైతుకి పత్తి విత్తనమే. దిగుబడి ఇస్తుంది, కానీ ఏటా మళ్లీ కొనుక్కోవాల్సిందే. ఇప్పుడు పుస్తకాల్లోనూ హైబ్రిడ్ వచ్చింది. ఖర్చులో కొంత రచయిత పెడతాడు. ఎంపిక, ఎడిటింగ్, అమ్మకం ప్రచురణకర్త చూస్తాడు.

సొంత డబ్బుతో అచ్చేసుకోవడం తెలుగులో కొత్త కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. మన గురించి ‘ఎవరు చదువుతారు?’ అనే బజారులో ముస్లిం రచయితకి అదే దారి. ఉండవల్లి నుంచి సయ్యద్ నశీర్ అహమ్మద్ స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల చరిత్రని ఆజాద్ హౌస్ ఆఫ్ పబ్లికేషన్స్ పేరిట తనే అచ్చేశారు. 2014లో వచ్చిన ‘ది ఇమ్మోర్టల్స్’ లో 155 మంది సమరయోధులున్నారు.

మరి సగం పెట్టుబడి తప్పా? పొలంలో సగపాలు తప్పు కానట్టే ఇదీ తప్పు కాదు. అయితే సగపాలు సేద్యానికి ఒక ధర్మం ఉంది. పంట పోతే ఇద్దరికీ పోవాలి. రచయిత డబ్బుతోనే లాభం తేలిపోతే ప్రచురణకర్తకి పాఠకుడితో పనేముంది? ఆపైన హక్కులు కూడా రాయించుకుంటే విత్తనమూ పోయినట్టే.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. మిరపకోతలకి వెళ్లే దూదేకుల అమ్మాయి నోటుబుక్కులో రాసుకున్న కథల మాటేమిటి? ఆమె వాటా ఎవరు పెట్టాలి? డబ్బున్న గొంతులే అచ్చయితే కౌమ్ చరిత్రలో కలిగినవాళ్లే మిగులుతారు. మసీదు గోడకి చందా వేసుకునే మనం, ఆ సగం కూడా వేసుకోలేమా?