క్షమ, సత్యం: ప్రహ్లాదుని వరయాచన

బాల్యంలో తనను హింసించిన తండ్రిని క్షమించడమంటే ఆ హింసను మరచిపోవడమేనా? కుటుంబ గౌరవం పేరిట బాధితుల నుండి తరచుగా ఆశించేది ఆ మరపునే. పోతన భాగవతంలోని సప్తమ స్కంధం ఈ ప్రశ్నను వేరొక దిశలో ఆలోచింపజేస్తుంది.

హిరణ్యకశిపుడు సోదర మరణ శోకాన్ని పగగా మలచుకొన్నవాడు. తల్లిని, సోదరుని భార్యను తత్త్వబోధతో ఓదార్చినా, తాను ఓదార్పు పొందలేదు. ఆ పగే కన్నకొడుకుపై విషప్రయోగంగా, అగ్నిగా, ఏనుగుల తాకిడిగా పరిణమించింది. శోకం ఆ క్రౌర్యానికి కారణం కావచ్చును, సమర్థన కాజాలదు.

ప్రహ్లాదుడు తండ్రికై నృసింహుని వేడిన సందర్భం గమనార్హం. హింస ముగిసిన తరువాతనే అతడు ఆ వరం అడిగాడు. తండ్రి తనకు చేసిన అపకారాన్ని అందులో దాచలేదు; దానిని పేర్కొంటూనే అతడు పవిత్రుడు కావాలని కోరాడు. అనంతరం ఉత్తరక్రియలు నిర్వర్తించాడు. పితృఋణం తీర్చుకొన్నాడు గాని పితృవైరాన్ని వారసత్వంగా స్వీకరించలేదు.

కనుక క్షమకు సత్యకథనం విరోధి కాదు, ఆధారం. అది బాధితుడు స్వేచ్ఛగా ఇవ్వవలసినదే గాని పెద్దలు హక్కుగా అడగదగినది కాదు. హింస ఆగకముందే, బిడ్డ తన గాయాన్ని చెప్పుకోకముందే క్షమను కోరే కుటుంబం నిజానికి మౌనాన్నే కోరుతున్నది. ఆ మాటను వినగలిగిన ఇంటిలోనే బాంధవ్యం తిరిగి చిగురించడానికి అవకాశముంటుంది.