జట్టులో చోటు దొరకని కుమారుడు

దువ్వాడలో బంతి వెంట పరుగెత్తే మీ అబ్బాయి ఏ జట్టుకూ ఎంపిక కాకపోతే, ఆ ఏళ్లన్నీ వృథా అంటారా? నేననను.

హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం గారికి ఆటగాడిగా పెద్ద పేరు లేదు. శిక్షకుడయ్యాక, ఆయన నగర పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. తాను ఆడలేనిదాన్ని ఇతరుల కాళ్లలో చూడగలగడం తక్కువ వరమా?

1962లో క్యాన్సరుతోనే జకార్తా వెళ్లారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను ఫైనల్లో ముందు వరుసకు మార్చారు. (గాయపడినవాణ్ణి ఆడించడం సబబేనా? వెంటనే అవుననలేను.) అతడే ఒక గోలు చేశాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. పతకాలు ఆటగాళ్ల మెడల్లో పడ్డాయి. మరుసటి ఏడు, 1963లో, రహీం గారు కన్నుమూశారు.